మధ్యధరా క్రూజ్: ఓడలో ఎలా ఉండాలి, రేవుల్లో సొంతంగా ఎలా తిరగాలి

బార్సిలోనాలో ఎక్కించుకుని మార్సెయ్, జెనోవా లేదా లివోర్నో, చివితావెక్కియా, నేపుల్స్ చూపించి, ఏడు రాత్రుల తర్వాత మళ్లీ బార్సిలోనాలో దింపే ఓడలు వేసవి పొడుగునా తిరుగుతుంటాయి. సూట్‌కేసు ఒక్కసారి విప్పితే చాలు, ఊళ్లే మారుతుంటాయి. ఓడవాళ్లు అమ్మే టూర్లు కొనకుండానే ఈ ఊళ్లన్నీ సొంతంగా చూడొచ్చు. అందుకు ఒక్క లెక్క రావాలి: ఓడ దిగే వేళ నుంచి ముందుకు లెక్కపెట్టకుండా, తిరిగి ఎక్కాల్సిన వేళ నుంచి వెనక్కి లెక్కపెట్టడం. ఈ లెక్క తెలియకే కొందరు రేవు దాటి బయటికే వెళ్లరు, ఇంకొందరు ఓడ తప్పిపోయి రేవులో నిలబడతారు.

బయల్దేరే ముందు

ఈ దారిలో స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీ మూడూ ఒకే వీసాతో తిరగనిచ్చే షెంగెన్ కూటమి దేశాలే కాబట్టి ఒక్క వీసా సరిపోతుంది. ఎక్కువ రోజులు ఏ దేశంలో గడుపుతారో ఆ దేశానికి దరఖాస్తు చేయాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి చేయాలి. ఓడ మధ్యలో ట్యునీషియా, టర్కీ, మాంటెనెగ్రో లాంటి చోట ఆగితే షెంగెన్ దాటి మళ్లీ లోపలికి వచ్చినట్టే, అప్పుడు ఒక్కసారే లోపలికి రానిచ్చే సింగిల్ ఎంట్రీ వీసా పనికిరాదు. టికెట్ కొనేముందే ఓడ దారిని ఒక్కో రేవూ చదువుకోండి. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వొచ్చు. వేసవి అపాయింట్‌మెంట్లు త్వరగా నిండిపోతాయి. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు బీమా ఉండాలి. పాస్‌పోర్టుకు తిరుగు ప్రయాణం తర్వాత ఇంకా మూడు నెలలు గడువు మిగలాలి.

హైదరాబాద్ నుంచి ఓడ బయల్దేరే రోజే బార్సిలోనాలో దిగే విమానం తీసుకోవద్దు, ఒక రోజు ముందే చేరండి. దారిలో విమానం మారాల్సి ఉంటుంది, ఒక్కోసారి మీరు చేరినా పెట్టె చేరదు. హోటల్లో ఉంటే మర్నాడు పెట్టె వస్తుంది. ఓడ వెళ్లిపోయాక అదే పెట్టె రేవు రేవుకూ మీ వెనకాల తిరగాలి. ఓడ కదిలే వేళకు బాగా ముందే చెక్-ఇన్ మూసేస్తారు. ఆ సమయం మీ బోర్డింగ్ కాగితం మీద ఉంటుంది.

రేవులో పెద్ద పెట్టెలకు గది నంబరున్న ట్యాగులు కట్టి అప్పగిస్తారు. అవి గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. అందుకే పాస్‌పోర్టు, మందులు, డబ్బు, ఒక జత బట్టలు, ఈత కొట్టేవాళ్లయితే ఈత దుస్తులు చేతి సంచిలోనే ఉంచుకోండి. ఎలక్ట్రిక్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసుకెళ్తే స్కానింగులో పట్టుకుని చివరి రోజుదాకా వాళ్ల దగ్గరే ఉంచేస్తారు. ఓడలో అగ్గికి మించిన భయం లేదు, అందుకే ఆ నియమం. నాలుగైదు యూఎస్‌బీ పోర్టులున్న ఛార్జర్ ఒకటి, యూరప్ ప్లగ్ అడాప్టర్ ఒకటి చాలు. గది గోడలు చాలా ఓడల్లో ఉక్కువే కాబట్టి నాలుగు అయస్కాంతపు కొక్కేలు పట్టుకెళ్తే టోపీలు, సంచులు, తడి బట్టలు తగిలించుకోవచ్చు. చిన్న గదిలో ఇది పెద్ద సుఖం.

ఓడ మీద

ఎక్కిన రోజే భద్రతా డ్రిల్ ఉంటుంది. 2012 జనవరిలో కోస్తా కాంకోర్డియా ఓడ జీలియో దీవి దగ్గర రాతికి కొట్టుకుని 32 మంది చనిపోయారు. ఆ రోజు ఎక్కినవాళ్లలో చాలామందికి అప్పటికింకా డ్రిల్ జరగలేదు. ఆ తర్వాత ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే డ్రిల్ జరపాలని అంతర్జాతీయ నియమం మారింది. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే అది ప్రమాద సంకేతం. అప్పుడు మీరు చేరాల్సిన స్థలాన్ని సూచించే అక్షరం గది కార్డు మీద ఉంటుంది. ఒకసారి గది నుంచి అక్కడికి మెట్ల మీదుగా నడిచి చూడండి, ప్రమాదంలో లిఫ్టులు వాడనివ్వరు.

గది ఎంచుకునేటప్పుడు కడుపు తిప్పే స్వభావం ఉన్నవాళ్లు ఓడ నడిమధ్యన, కింది డెక్కుల్లో తీసుకోవాలి. ముందు భాగంలో, పై అంతస్తుల్లో ఊగు ఎక్కువ. మధ్యధరా వేసవిలో ప్రశాంతంగానే ఉంటుంది గానీ బార్సిలోనా, మార్సెయ్ మధ్య ఉన్న లియోన్ అఖాతంలో మిస్ట్రల్ అనే ఉత్తరపు గాలి లేస్తే పెద్ద ఓడ కూడా కదిలిపోతుంది. మన దగ్గర బస్సు ప్రయాణాలకు వేసుకునే ఏవోమిన్ లాంటి మాత్ర వాంతి మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచేయదు, ముందే వేసుకోవాలి. అది నిద్రమత్తు కలిగిస్తుంది. గర్భిణులు, పిల్లలు, వేరే మందులు వాడేవాళ్లు డాక్టరును అడిగే తీసుకెళ్లాలి.

కడుపు చెడగొట్టే నోరోవైరస్ ఓడల్లో వేగంగా పాకుతుంది. బఫే దగ్గర గుమ్మంలో చేతికి రాసే శానిటైజర్ దాన్ని సరిగా చంపదు. సబ్బు, నీళ్లతో కడుక్కున్న చేతులే కాపాడతాయి. అందరూ పట్టుకునే గరిటెలు ముట్టుకున్నాక, తినబోయే ముందు మరోసారి కడుక్కోండి.

తిండి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. శాకాహారమని బుకింగప్పుడే రాయించండి. అక్కడ ఆ మాటకు గుడ్డు, చీజ్ కలిపే అర్థం చేసుకుంటారు కాబట్టి గుడ్డు తినకపోతే ఆ ముక్క విడిగా చెప్పాలి. మొదటి రాత్రే డైనింగ్ హాల్ హెడ్ వెయిటర్‌తో మాట్లాడి, మర్నాటి భోజనం ముందురోజే చెప్పి పెట్టుకునే ఏర్పాటు చేసుకోండి. చాలా ఓడల్లో భారతీయ వంటవాళ్లుంటారు, ముందే చెబితే పప్పు, అన్నం, కూర ఏదో ఒకటి దొరుకుతుంది. బఫేలో తెల్లన్నం మాత్రం దాదాపు ఎప్పుడూ ఉంటుంది. కంపెనీ సీలు వేసిన కారప్పొడి, కందిపొడి పొట్లాలకు సాధారణంగా అడ్డు చెప్పరు. ఇంట్లో పెట్టిన ఆవకాయ సీసాను పక్కన పెట్టేసే అవకాశం ఎక్కువ. ఓడలోంచి పండ్లు, శాండ్‌విచ్‌లు రేవులోకి తీసుకెళ్లడం చాలాచోట్ల నిషేధం.

ఛార్జీలో అన్నీ కలిసి ఉన్నాయనుకుంటే పొరపాటు. రోజుకు మనిషికి ఇంత చొప్పున సేవా రుసుము మీ ఖాతాలో చేరుతుంది. యూరప్‌లో తిరిగే కొన్ని ఓడల్లో రాత్రి డైనింగ్ హాల్లో నీళ్ల సీసాకూ డబ్బు పడుతుంది, అదే ఓడ బఫేలో నీళ్లు ఉచితం. ఖాతాకు డెబిట్ కార్డో ఫారెక్స్ కార్డో ఇస్తే ఖర్చుతో సంబంధం లేకుండా కొంత మొత్తం ఆపి ఉంచుతారు. ఆ డబ్బు విడుదల కావడానికి రోజులు పడుతుంది, ఈలోపు రోమ్‌లో వాడుకోవడానికి కార్డు ఖాళీ. ఓడకు క్రెడిట్ కార్డు ఇచ్చి ఫారెక్స్ కార్డును రేవులకు ఉంచుకోండి.

ఓడ కదలగానే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. తీరం దాటాక ఫోన్ ఓడ సొంత టవర్‌కు తగులుకుంటుంది. అది ఉపగ్రహం మీద నడుస్తుంది, మామూలు రోమింగ్ ప్యాకులు చాలావరకు దానికి వర్తించవు, బిల్లు మాత్రం భారీగా వస్తుంది. ఊళ్ల మ్యాపులు, రైలు టికెట్లు, మ్యూజియం టికెట్లు ముందురోజే ఫోన్‌లోకి దించి పెట్టుకోండి. స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీల్లో గడియారం ఒకటే. గ్రీస్ వైపు వెళ్తే గంట ముందుకు జరుగుతుంది. అప్పుడు ఫోన్‌ను నమ్మకుండా, ఓడ వేళకు పెట్టిన చేతి గడియారాన్ని నమ్ముకోండి.

వెనక్కి లెక్క: రోమ్ ఉదాహరణ

రోమ్‌కు రేవు లేదు. ఓడ ఆగేది అక్కడికి సుమారు 70 కిలోమీటర్ల దూరంలోని చివితావెక్కియాలో. ఓడ ఉదయం 7కి చేరి సాయంత్రం 7కి కదులుతుందనుకుందాం.

కదిలేది 7కే అయినా అందరూ ఎక్కి ఉండాల్సింది సాధారణంగా అరగంట ముందు, అంటే 6:30కి. కొన్ని ఓడలు గంట ముందు అంటాయి. రాత్రి గదికి వచ్చే కార్యక్రమ పత్రంలో చూసుకోండి. దానికి గంట వెసులుబాటు పెట్టుకుంటే ఓడ మెట్ల దగ్గర 5:30కి ఉండాలి. రైల్వే స్టేషన్ నుంచి లార్గో దెల్లా పాచె అనే బస్సు కూడలికి, అక్కణ్నుంచి షటిల్ బస్సులో ఓడకు కలిపి ముప్పావుగంట వేసుకోండి. అంటే స్టేషన్లో 4:45కి దిగాలి. రోమ్‌లోని సాన్ పియెత్రో స్టేషన్ నుంచి ప్రాంతీయ రైలుకు సుమారు 50 నిమిషాలు. అది 4 గంటల ప్రాంతంలో బయల్దేరాలి. ఇప్పుడు అసలు సూత్రం: మీరు ఎక్కేది ఈ రైలు కాదు, దీని ముందుది. ముందుది రద్దయితే ఇది ఉంటుంది. రైళ్లు సుమారు అరగంటకొకటి ఉంటాయి, ఆదివారాలు, సెలవుల్లో తగ్గుతాయి. కాబట్టి 3:15కల్లా స్టేషన్లో ఉండాలి.

ఉదయం వైపు చూద్దాం. రేవు అధికారుల అనుమతి వచ్చి జనం దిగేది 7:30కి. స్టేషన్ చేరేసరికి 8:15, సాన్ పియెత్రోలో దిగేసరికి 9:20. పన్నెండు గంటల మజిలీలో రోమ్‌కు దక్కేది ఆరు గంటల లోపే. ఈ అంకె ముందే తెలిస్తే చూడాల్సిన జాబితా దానంతటదే చిన్నదవుతుంది.

వాటికన్ మ్యూజియాలు, కొలోస్సియం లోపలి భాగం రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు. ఏదో ఒకటి చాలు, దానికీ వేళ రాసిన టికెట్ ముందే కొనాలి. మొదటిసారి వెళ్లేవాళ్లకు మేం చెప్పే దారి నడక దారి. సాన్ పియెత్రో స్టేషన్ నుంచి పావుగంట నడిస్తే సెయింట్ పీటర్స్ చౌక్. అక్కడి బసిలికా అనే పెద్ద చర్చి లోపలికి భుజాలు, మోకాళ్లు కప్పిన బట్టలతోనే పంపిస్తారు. చీర, చుడీదార్‌తో ఏ ఇబ్బందీ లేదు, నిక్కర్లతో వెళ్తే మగవాళ్లనూ ఆపుతారు. బుధవారం ఉదయం పోప్ దర్శనం ఉంటే మధ్యాహ్నందాకా బసిలికాలోకి వెళ్లనివ్వరు. అక్కణ్నుంచి కాస్తెల్ సాంత్ ఆంజెలో వంతెన దాటి నవోనా చౌక్, పాంథియన్, ట్రెవీ ఫౌంటెన్, చివరికి బయటి నుంచి కొలోస్సియం. ఈ దారిలో వీధి కుళాయిల నీళ్లు నిరభ్యంతరంగా తాగొచ్చు, ఖాళీ సీసా ఒకటి సంచిలో ఉంచుకోండి.

కొలోస్సియం దగ్గర ముగించినవాళ్లు తిరుగు రైలుకు రోమ్ ప్రధాన స్టేషన్ తెర్మినీకి వెళ్లకపోవడం మంచిది. చివితావెక్కియా రైళ్లు ఎక్కువగా అక్కడ 25 నుంచి 30 దాకా ఉన్న ప్లాట్‌ఫారాల నుంచి పోతాయి. ప్రధాన హాలు నుంచి అక్కడికి దాదాపు పది నిమిషాల నడక. రైలు తప్పేది ఆ నడకలోనే. బదులుగా మెట్రో బి లైన్లో రెండో స్టాప్ పిరామిదె దగ్గర దిగితే ఒస్తియెన్సె స్టేషన్ ఆనుకునే ఉంటుంది, అవే రైళ్లు అక్కడా ఆగుతాయి. రైలు అక్కణ్నుంచి సాన్ పియెత్రో మీదుగానే పోతుంది కాబట్టి ప్రయాణానికి మరో పది, పదిహేను నిమిషాలు కలుపుకోండి.

ప్రాంతీయ రైలు కాగితపు టికెట్‌ను ఎక్కే ముందు ప్లాట్‌ఫారం మీది చిన్న యంత్రంలో పెట్టి ముద్ర వేయించాలి. డబ్బిచ్చి కొన్న టికెట్టే అయినా ముద్ర లేకపోతే జరిమానా. ఫోన్లో కొన్నదానికి ఎక్కే ముందు చెక్-ఇన్ నొక్కాలి. ఇటలీలో రైలు సమ్మెలు తరచు, కానీ ముందే ప్రకటిస్తారు. వెళ్లే ముందు వారం ‘షోపెరో’ అనే మాటతో ఆ తేదీ వెతకండి. సమ్మె ఉన్నా పనిరోజుల్లో ప్రాంతీయ రైళ్లు ఉదయం 6–9, సాయంత్రం 6–9 మధ్య నడపాలని నియమం ఉంది. సాయంత్రం 6:30కి ఓడ ఎక్కాల్సిన మనిషికి ఆ రెండోది అక్కరకు రాదు. సమ్మె రోజున ఓడ టూరే కొనండి, లేదా చివితావెక్కియాలోనే తిరగండి.

నేపుల్స్, పొంపేయి

నేపుల్స్ సొంతంగా తిరిగేవాళ్లకు వరం. ఓడ ఊరి నడిబొడ్డున ఆగుతుంది, ఎదురుగా కాస్తెల్ నువోవో కోట, దాని పక్కన మునిచీపియో మెట్రో స్టేషన్. పొంపేయికి వెళ్లాలంటే అక్కడ లైన్ 1 ఎక్కి మూడో స్టాప్ గరిబాల్దిలో దిగి, కింది అంతస్తులో చిర్కుంవెసువియానా రైలు పట్టుకోవాలి. సొర్రెంతో వైపు వెళ్లేదే ఎక్కండి. దిగాల్సింది ‘పొంపేయి స్కావి – విల్లా దేయి మిస్తేరి’లో, సుమారు 35–40 నిమిషాలు. పొంపేయి పేరుతో వేరే లైన్లో ఇంకో స్టేషన్ ఉంది, అక్కడ దిగితే శిథిలాల ప్రధాన ద్వారానికి దూరంగా పడతారు. రైలు కిక్కిరిసి ఉంటుంది, జేబుదొంగల బెడద బాగా ఉంది. పర్సు ముందు జేబులో, సంచి పొట్ట మీద. ఈ రైలు గరిబాల్దికి ఒక స్టాప్ ముందు పోర్తా నొలానాలో మొదలవుతుంది. పెద్దవాళ్లు వెంట ఉంటే అక్కడికి వెళ్లి ఎక్కండి, కూర్చోవడానికి చోటు దొరుకుతుంది.

2024 నవంబరు నుంచి పొంపేయిలోకి రోజుకు 20,000 మందినే అనుమతిస్తున్నారు, టికెట్ మీద పేరుంటుంది. వేసవిలో ముందే కొనండి, గుర్తింపు కాగితం దగ్గర పెట్టుకోండి. పాస్‌పోర్టు ఓడవాళ్ల దగ్గరుంటే దాని నకలు తీసుకెళ్లండి. 30×30×15 సెంటీమీటర్లకు మించిన సంచిని లోపలికి రానివ్వరు. క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద కింద పూడిపోయిన ఊరు ఇది. ఆ కాలపు రాతి దారుల మీద చక్రాల కుర్చీ గాని, పిల్లల బండి గాని మామూలు దారిలో నడవదు. నీడ దాదాపు ఉండదు. మూడు గంటలు తక్కువ కాకుండా పెట్టుకుని ఫోరం అనే ఊరి చౌక్, అబ్బొందాంత్సా వీధి, స్తాబియన్ స్నానశాలలు, నాటకశాల, ‘ఫాన్ ఇల్లు’ అనే పెద్ద భవనం చూస్తే ఊరు ఎలా బతికిందో అర్థమవుతుంది. అన్నీ చూసేయాలన్న ఆత్రంతో పరిగెడితే రాళ్లే మిగులుతాయి.

కాప్రి దీవికి పడవలు ఓడ పక్కనే ఉన్న బెవెరెల్లో నుంచి పోతాయి. సముద్రం కాస్త రేగినా అవి రద్దవుతాయి, వెళ్లాక తిరుగు పడవ రద్దయితే మీ ఓడ మీకోసం ఆగదు. ఓడ మజిలీ రోజున కాప్రి వద్దనే మా సలహా.

శాకాహారులకు నేపుల్స్‌లో మార్గెరీటా, చీజ్ లేని మరీనారా పిజ్జాలు ఎక్కడైనా దొరుకుతాయి. చూడ్డానికి జంతికల్లా కరకరలాడే తరాల్లి మాత్రం అడిగి తినండి, అక్కడ మిరియాల రకంలో పంది కొవ్వు కలుపుతారు.

మిగతా రేవులు

లివోర్నో సరుకు రేవు, లోపల నడవనివ్వరు. షటిల్ బస్సులో ఊళ్లోకి, అక్కణ్నుంచి సిటీ బస్సులో సెంత్రాలె స్టేషన్‌కు వెళ్లాలి. అక్కణ్నుంచి రైల్లో పీసా పావుగంట, ఇరవై నిమిషాలు. ఫ్లోరెన్స్‌కు సుమారు గంటన్నర. రెండూ ఒకే రోజు చూడొచ్చని చాలామంది చెబుతారు. చూడొచ్చు, కానీ రోజంతా రైల్లోనే పోతుంది. పీసా గోపురం ఎక్కాలంటే వేళ రాసిన టికెట్ కావాలి, సంచులు కింద పెట్టాలి, 8 ఏళ్ల లోపు పిల్లలను ఎక్కనివ్వరు. ఫ్లోరెన్స్‌లో ఉఫిత్సీ మ్యూజియం సోమవారం మూత. లివోర్నోలోనే ఉండిపోతే శనగపిండితో పొయ్యిలో కాల్చే తోర్తా ది చేచి తిని చూడండి, మన నాలుకకు కొత్తనిపించదు.

మార్సెయ్‌లో పెద్ద ఓడలు పాత రేవుకు చాలా కిలోమీటర్ల దూరంలో ఆగుతాయి, బస్సు వల్ల అటూ ఇటూ కలిపి గంటకు పైగా పోతుంది. జెనోవా దానికి పూర్తిగా వ్యతిరేకం. ఓడ టెర్మినల్ నుంచి ప్రిన్చిపె స్టేషన్‌కూ, పాత ఊరికీ నడిచే పోవచ్చు. బార్సిలోనాలో పెద్ద ఓడలు ఎక్కువగా ఆగే అదోసాత్ వార్ఫు నుంచి కొలంబస్ స్తంభందాకా రేవు బస్సు ఉంది. అక్కడ ద్రస్సానెస్ మెట్రోలో లైన్ 3 ఎక్కి దియగొనాల్‌లో లైన్ 5కు మారితే సగ్రాద ఫమీలియా చర్చి ముందే తేలతారు. దాని టికెట్లు ఆన్‌లైన్లోనే, వేళ ప్రకారం.

కొన్ని చోట్ల ఓడ తీరానికి రాకుండా లంగరు వేసి చిన్న పడవల్లో దింపుతుంది. ఫ్రాన్స్‌లో విల్‌ఫ్రాంష్, గ్రీస్‌లో శాంటోరిని అలాంటివే. ఆ రోజుల్లో ఓడ టూరు కొన్నవాళ్లను ముందు పంపిస్తారు, మీ వంతు వచ్చేసరికి గంట, రెండు గంటలు పోవచ్చు. తిరిగి రావడానికి చూడాల్సింది ఆఖరి పడవ వేళ. శాంటోరినిలో కేబుల్ కారు వరుస సాయంత్రం బాగా పెరుగుతుంది. దిగే మెట్ల దారిలో 580కి పైగా మెట్లు, గాడిదల పేడతో జారుతుంటాయి. అక్కడ వెసులుబాటు గంట కాకుండా రెండు గంటలు పెట్టుకోండి.

ఓడ తప్పితే

ఓడవాళ్ల టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా వాళ్లే తర్వాతి రేవుకు చేరుస్తారు. సొంతంగా వెళ్లినవాళ్లకు ఆ హామీ లేదు. కార్యక్రమ పత్రంలో ఆ రేవు ఏజెంటు ఫోన్ నంబరు ఉంటుంది, రోజూ దిగే ముందు దాన్ని ఫొటో తీసుకోండి. ఆలస్యమవుతోందని తెలిసిన వెంటనే ఫోన్ చేయాలి. అయిదు పది నిమిషాలైతే కొన్నిసార్లు చూస్తారు. లేదంటే సిబ్బంది మీ గదిలోంచి పాస్‌పోర్టు తీసి ఏజెంటుకు ఇచ్చి వెళ్తారు. తర్వాతి రేవుకు వెళ్లే ఖర్చు మీదే. తర్వాతి రేవు ఇటలీలోనో ఫ్రాన్స్‌లోనో ఉంటే రైల్లో అందుకోవచ్చు. షెంగెన్ బయట ఉంటే విషయం వీసాదాకా పోతుంది, అందుకే అలాంటి రేవుకు ముందురోజు దూరం వెళ్లకండి. ఒంటి మీది సంచిలో పాస్‌పోర్టు నకలు, వీసా పేజీ నకలు, ఒక కార్డు, వంద యూరోల నగదు, రెండు రోజుల మందులు ఎప్పుడూ ఉండాలి.

చివరి రాత్రి

పెద్ద పెట్టెలు రాత్రి తలుపు బయట పెట్టమంటారు, ఉదయం రేవు హాల్లో తీసుకోవాలి. మర్నాడు వేసుకునే బట్టలు, చెప్పులు పెట్టెలో సర్దేసి రాత్రి దుస్తులతో మిగిలిపోయేవాళ్లు ప్రతి ఓడలోనూ ఉంటారు. పెట్టెలు మీరే మోసుకోగలిగితే బయట పెట్టక్కర్లేదు, మొదటి వరుసలో దిగిపోవచ్చు. ఖాతా లెక్క రాత్రే తెరిచి చూసి, తెలియని మొత్తం కనిపిస్తే అప్పుడే కౌంటరులో అడగండి. ఉదయం అక్కడ వరుస చాలా పొడుగు, దిగిపోయాక ఉత్తరాల మీద తేల్చుకోవడం కష్టం. తిరుగు విమానం మధ్యాహ్నం ఒంటిగంట తర్వాతది తీసుకోండి. బార్సిలోనా రేవు నుంచి విమానాశ్రయం టాక్సీలో అరగంట లోపే గానీ, ఒకేసారి రెండు మూడు ఓడలు దించిన ఉదయం ఆ టాక్సీ కోసం నిలబడే సమయం అంతకంటే ఎక్కువ కావచ్చు.